చెరువు అడుగు బురదే చేపల వంటిల్లు

మన వనపర్తి సీమకు సముద్రం లేదు గానీ సముద్రాలు మాత్రం ఉన్నాయి. సంస్థానం నాటి చెరువులను పెద్దలు సప్త సముద్రాలని పిలిచారు. శ్రీరంగాపురం గుడిని ఆనుకొని ఉన్న రంగసముద్రం చూడనివారుండరు. పేరొక్కటే కాదు, అలలు తాకని చోట అసలు సముద్రం అడుగున ఏం జరుగుతుందో, మన చెరువు అడుగునా చాలావరకు అదే జరుగుతుంది.

కాకినాడ దగ్గర హోప్ ఐలాండ్ అనే ఇసుక దిబ్బ సముద్రానికి అడ్డుగోడలా ఉంది. పెద్ద అలలు దాన్ని దాటి లోపలికి రావు. నీళ్ళు నిలకడగా ఉంటేనే సన్నని ఒండ్రు అడుగుకు దిగుతుంది కదా! గోదావరి తెచ్చిన ఒండ్రు అలా దిగి, కోరింగ మడ అడవుల ముందు బురద మేటలు పడ్డాయి. పాటు సమయంలో నీళ్ళు వెనక్కి పోతే ఆ బురద బయటపడుతుంది. చూస్తే ఏమీ లేనట్టే ఉంటుంది. కానీ అందులో వానపాముల్లాంటి పురుగులు, పీతలు, గుల్లలు లెక్కలేనన్ని. చలికాలంలో దూరదేశాల నుంచి ఉల్లంకి పిట్టలు వచ్చేది వాటి కోసమే. రొయ్య పిల్లలు పెరిగేదీ అక్కడే.

ఆ బురదలో గాలి ఆడేది పైపొరకే. కిందంతా నలుపు. అయితే పురుగులు, పీతలు బొరియలు తవ్వుకొని నీళ్ళను లోపలికి లాగుతాయి. నీళ్ళతో పాటు ప్రాణవాయువూ కిందికి పోతుంది. మనం చేను దున్నినట్టే అవి బురదను దున్నుతున్నాయన్న మాట.

ఇక మన చెరువుకొద్దాం. పిడికెడు బురద తీసి జల్లెడలో పోసి నీళ్ళతో కడిగి చూడండి. దారపు పోగుల్లాంటి ఎర్ర పురుగులు కనబడతాయి. ఇవి దోమను పోలిన, కుట్టని ఒక ఈగ పిల్లలు. మన నెత్తురుకు ఎరుపునిచ్చే హిమోగ్లోబిన్ వీటిలోనూ ఉంటుంది, అందుకే గాలి తక్కువైనా తట్టుకుంటాయి. బొచ్చె పైనీళ్ళలో, రోహు నడుమ మేస్తే, బంగారుతీగ, మృగాల అడుగున ఈ పురుగులనూ కుళ్ళిన ఆకునూ తిని బలుస్తాయి. అంటే కొనకుండా దొరికే మేత. దాన్ని చంపుకుంటే నష్టం మనదే.

చిన్నప్పుడు వేసవిలో కుంట ఎండితే బురదలో కొర్రమీనులు పట్టేవాళ్ళం. నేల నెర్రెలిచ్చేది, గాలి తగిలి చెడు విరిగేది. ఇప్పుడు ఎత్తిపోతల నీళ్ళొచ్చే చెరువులు కొన్ని ఎండడమే లేదు. మంచిదే గానీ అడుగున కుళ్ళు పేరుకుంటోంది. బురద పైపొర గోధుమ రంగులో ఉంటే భయం లేదు. పైనుంచే నల్లగా ఉండి, మురిగిన గుడ్డు వాసన వస్తే గాలి ఆడడం లేదని గుర్తు. సొంత కుంట అయితే మూడు నాలుగేళ్ళకొకసారైనా ఎండబెట్టి, పూడిక తీసి చేనుకు తోలుకోండి.

పెంటతో పురుగు, నాచు పెరుగుతాయని బండ్లకొద్దీ కుమ్మరించవద్దు. ఎకరాకు ఏడాది మొత్తానికి పచ్చి పేడ 6 టన్నులు చాలు. అందులో ఐదో వంతు పిల్లలు వదలడానికి 15 రోజుల ముందు, మిగతాది విడతలుగా వేయాలి. సున్నం మాత్రం మట్టి పరీక్ష చేయించాకే. ఉదజని సూచిక 7 కంటే తక్కువుంటే ఎకరాకు 80 నుంచి 100 కిలోలు, చౌడు ఉంటే అసలే వద్దు.

అన్నిటికన్నా పెద్ద గండం మందులు. గద్వాల వైపు విత్తన పత్తికి, మిరపకు కొట్టే సైపర్‌మెత్రిన్ వంటివి చేపలకు, ఈ పురుగులకు చాలా విషం. ఒండ్రుకు అంటుకొని అడుగున నిలుస్తాయి. కాబట్టి పంపును, డబ్బాలను చెరువులో కడగకండి. కడిగిన నీళ్ళు గట్టుకు దూరంగా, మెట్ట నేలమీద పోయండి. చెరువు వైపు వాలున్న మడికి వాన ముందర మందు కొట్టకండి.

మబ్బు పట్టిన రోజుల్లో తెల్లవారుజామున చేపలు పైకొచ్చి నోళ్ళు తెరుస్తుంటే ఆ పూట పేడ, మేత ఆపేసి, మోటారు పెట్టి కొత్త నీళ్ళు ఎత్తు నుంచి పడేలా వదలండి. అడుగున గొలుసు లాగి చెడు గాలి వెళ్ళగొట్టే పని అప్పుడు చేయవద్దు. బాగా ఎండ కాసి, చేపలు హుషారుగా ఉన్న పూటే చేయాలి.