జబ్బు ముదరకముందే పలికే ఫోను



మన ఇళ్ళలో ఆసుపత్రికి ఎప్పుడు వెళ్తారో మీకు తెలుసు. మంచం పట్టిన తర్వాతే! ఒక పూట ఆసుపత్రికి వెళితే ఆ రోజు కూలి పోతుంది. అందుకే "ఇంకా తిరుగుతున్నాను కదా" అంటారు. కాని బి.పి., షుగర్ మొదట్లో ఏ నొప్పీ చూపించవు. బయటపడేసరికి అప్పు చేసి వైద్యం చేయించాలి. ఆ అప్పుకు ముందుగా ఆగిపోయేది చాలా ఇళ్ళలో ఆడపిల్ల చదువే. చికిత్స కంటే నివారణ మేలు అన్న మాట అందరికంటే మనకే ఎక్కువ అవసరం.

ఈ నివారణకు సెల్‌ఫోన్ ఎలా ఉపయోగపడుతుందో తెలుసుకుందాం. ఫోను రోగాన్ని ఆపలేదు. అది చేయగలిగినవి మూడు పనులు.

1. తెలియజేయడం: కేంద్ర ప్రభుత్వం 2016 జనవరిలో 'కిల్కారి' అనే సేవను కొన్ని రాష్ట్రాల్లో ప్రారంభించింది. గర్భిణికి నాలుగో నెల నుండి బిడ్డకు ఏడాది నిండే వరకు వారానికి ఒక ఫోను వస్తుంది. మొత్తం 72 సందేశాలు. అవి అక్షరాలు కావు, మాటలు. చదువురాని తల్లి కూడా విని అర్థం చేసుకోవచ్చు.

2. గుర్తుచేయడం: మామూలు టి.బి.కి ఆరు నెలలు మందులు వాడాలి. మధ్యలో మానేస్తే జబ్బు తిరగబెడుతుంది, మందులకు లొంగకుండా మారవచ్చు, ఇంట్లోవాళ్ళకూ సోకవచ్చు. దీనికోసం మన దేశంలో '99డాట్స్' అనే పద్ధతిని రూపొందించారు. మాత్రను అట్ట నుండి నొక్కి తీస్తే దాని వెనుక దాగిన ఫోను నంబరు కనిపిస్తుంది. రోగి ఆ నంబరుకు ఖర్చు లేకుండా ఫోన్ చేస్తే ఆ రోజు మందు తీసుకున్నట్లు నమోదవుతుంది. ఫోన్ రాకపోతే ఆరోగ్య సిబ్బంది విచారిస్తారు. మామూలు బటన్ ఫోను చాలు.

3. సలహా ఇవ్వడం: 2005లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన 108 అత్యవసరానికి. 2007లో మొదలైన 104 ఆరోగ్య సలహాకు. 2022 అక్టోబరులో మొదలైన టెలిమానస్ నంబరు 14416. మనసు బాగాలేనప్పుడు, పరీక్షల భయం, నిద్రపట్టని దిగులు ఉన్నప్పుడు ఏ వేళనైనా ఉచితంగా మాట్లాడవచ్చు.

ఫోను ఎక్కడ ఆగిపోతుంది?

2021లో కోవిడ్ టీకాలప్పుడు మా వీధిలో చాలామందికి ఇంగ్లీషులో మెసేజ్‌లు వచ్చాయి. వాటిని చదివి, రెండో డోసు ఎప్పుడో చెప్పింది చదువుకునే పిల్లలే. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటిదాన్ని నేను. మా అమ్మ ఫోనుకు వచ్చిన ఏ ఆరోగ్య మెసేజైనా ఎవరో ఒకరు చదివి చెప్పేదాకా ఆమెకు అందనట్లే. చాలా ఇళ్ళలో ఫోను నాన్న జేబులోనే ఉంటుంది, సందేశం మాత్రం అమ్మకు. ఈ మధ్య దూరాన్ని యంత్రం తగ్గించలేదు, మనిషే తగ్గించాలి.

సెలవుల్లో మనం చేయవలసినవి

హాస్టల్లో ఫోను ఉండదు. దసరాకో సంక్రాంతికో ఇంటికి వెళ్ళినప్పుడు ఈ పనులు చేయండి.

• 30 ఏళ్ళు దాటిన పెద్దలను ఉప ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్ళి బి.పి., షుగర్ పరీక్ష చేయించండి. అది ఉచితం. బి.పి. 140/90 లేదా అంతకు మించి ఉంటే డాక్టరుకు చూపించాలి. మళ్ళీ ఎప్పుడు రమ్మన్నారో ఫోనులో అలారం పెట్టండి.
• ఇంట్లో పసిబిడ్డ ఉంటే 6, 10, 14 వారాలు, 9 నెలల టీకాల తేదీలు అలాగే పెట్టండి.
• ఆశా కార్యకర్త నంబరు, 104, 108, 14416 నంబర్లు ఫోనులో వేసి, అమ్మచేత ఒకసారి నొక్కించి చూపండి.
• వాట్సాప్‌లో వచ్చిన చిట్కా చూసి ఎవరూ మాత్రలు మానకుండా చూడండి. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దని హెచ్చరించండి.

చెల్లెళ్ళారా! ఫోను మోగడం వరకే దాని పని. విని, చదివి, పెద్దలను చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళడం మన పని. మనం నేర్చిన చదువుకు మన ఇంట్లోనే మొదటి ఉపయోగం ఇది.

– ఎం.ఎస్సీ. విద్యార్థిని, హాస్టల్ పూర్వ విద్యార్థిని