ఆ నోటిఫికేషన్ నిజమేనా? మీరే తేల్చుకోండి

“రైల్వేలో పదో తరగతితో ఉద్యోగాలు. రాత పరీక్ష లేదు. రేపే ఆఖరు తేదీ. వెంటనే ఈ లింకు నొక్కండి.” ఉద్యోగాల వేటలో ఉన్నవారి ఫోన్లకు ఇలాంటి మెసేజ్‌లు తరచూ వస్తుంటాయి. పంపింది మన మేలు కోరే స్నేహితుడే కావచ్చు. కానీ అతనికీ అది ఇంకెవరో పంపిందే. ఇంటర్నెట్‌లో సమాచారానికి కొదవ లేదు. ఫలానా మాటకు జవాబుదారీ ఎవరని వెతికి చూసే అలవాటే మన విద్యార్థుల్లో తక్కువ. పోటీ పరీక్షల అభ్యర్థులు అరిథ్‌మెటిక్, రీజనింగ్‌ల కంటే ముందు చేసుకోవాల్సిన అలవాటు ఇదే.

మూలం దాకా వెళ్లండి

పై మెసేజ్‌నే తీసుకుందాం. రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు ఇచ్చే ప్రతి నోటిఫికేషన్‌కూ సీఈఎన్ (సెంట్రలైజ్డ్ ఎంప్లాయ్‌మెంట్ నోటిఫికేషన్) నంబరు ఉంటుంది. సీఈఎన్ 01/2024 అన్నట్టుగా క్రమసంఖ్య, సంవత్సరం కనిపిస్తాయి. మెసేజ్‌లో ఆ నంబరు లేకపోతే అక్కడే ఆగాలి. సికింద్రాబాద్ ఆర్‌ఆర్‌బీ, దక్షిణ మధ్య రైల్వే వెబ్‌సైట్లు తెరిచి చూస్తే తరచుగా బయటపడే సంగతి ఇది: అది ఉద్యోగ ప్రకటన కాదు, అప్రెంటిస్ ప్రకటన. పదో తరగతితో పాటు ఐటీఐ ఉండాలి. ఆ రెండింటి మార్కులతో మెరిట్ జాబితా వేస్తారు కాబట్టి రాత పరీక్ష ఉండదు. ఇచ్చేది శిక్షణ, దానికి స్టైపెండ్. శిక్షణ పూర్తిచేసినవారికి లెవెల్-1 పోస్టుల్లో 20 శాతం కోటా ఉన్నా, దానికీ వేరే నోటిఫికేషన్ రావాలి, పరీక్ష రాయాలి. మెసేజ్ పూర్తిగా అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజాన్ని నమ్మి ఏడాది పోగొట్టుకునేవారు ఎందరో.

చిరునామాను చివరి నుంచి చదవండి

వెబ్‌సైట్ పేరులో మొదట కనిపించే మాటలు చూసి మోసపోవద్దు. https:// తర్వాత వచ్చే మొదటి స్లాష్ (/)కు ముందున్న భాగాన్ని చివరి నుంచి వెనక్కి చదవాలి. స్టాఫ్ సెలక్షన్ కమిషన్ అసలు చిరునామా ‘ఎస్ఎస్‌సీ డాట్ గవ్ డాట్ ఇన్’. ఎవరైనా ‘ఎస్ఎస్‌సీ-గవ్-ఇన్ డాట్ కామ్’ అని పెట్టారనుకుందాం. చూడగానే రెండూ ఒకటే అనిపిస్తాయి. రెండో దాని చివర ఉన్నది డాట్ కామ్. అది ఎవరైనా కొనుక్కోగలిగిన పేరు. ‘గవ్ డాట్ ఇన్’ పేరు ప్రభుత్వ సంస్థలకే ఇస్తారు. ‘ఏసీ డాట్ ఇన్’ విద్యాసంస్థలది.

అధికారిక సంస్థలన్నీ గవ్ డాట్ ఇన్‌తోనే ఉండవు. బ్యాంకు పరీక్షలు నిర్వహించే ఐబీపీఎస్ చిరునామా ఉత్త ‘ఐబీపీఎస్ డాట్ ఇన్’. అందుకే నమ్మకమైన చోట ఒకసారి చూసుకుని ఫోన్‌లో బుక్‌మార్క్ చేసుకోవడం మేలు. చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తుకు అర్థం మీ వివరాలు దారిలో ఇతరుల కంటపడకుండా వెళ్తాయని మాత్రమే. అవతల ఉన్నవాడు నిజాయతీపరుడని కాదు.

నోటిఫికేషన్ మొత్తం చదవండి

యూట్యూబ్ వీడియో చూసి దరఖాస్తు చేసేవారు ఎక్కువగా దెబ్బతినేది సర్టిఫికెట్ల పరిశీలనలో. రాష్ట్ర బీసీ జాబితాలోని కులాలన్నీ కేంద్ర ఓబీసీ జాబితాలో ఉండవు. మీ కులం ఉందో లేదో జాతీయ వెనకబడిన తరగతుల కమిషన్ వెబ్‌సైట్‌లో రాష్ట్రాలవారీగా చూడవచ్చు. ఉన్నా, కేంద్ర ఉద్యోగాలకు నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ నోటిఫికేషన్‌లో చెప్పిన నమూనాలోనే కావాలి. ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ ఏ ఆర్థిక సంవత్సరానిదో చూసుకోవాలి. వయసును ఏ తేదీకి లెక్కిస్తారు, డిగ్రీ ఏ తేదీకి పూర్తికావాలి అన్నవి ఫైనలియర్ విద్యార్థులు పెన్నుతో రాసుకోవాల్సిన వివరాలు. దరఖాస్తు చేశాక కూడా సవరణ ప్రకటనలు వస్తుంటాయి. వారానికి ఒకసారైనా సైట్ చూడాలి.

ఫీజు కూడా ఒక ఆనవాలే. ఎస్ఎస్‌సీ పరీక్షల ఫీజు సాధారణంగా 100 రూపాయలు. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు, దివ్యాంగులకు అదీ ఉండదు. ప్రభుత్వ ఉద్యోగానికి పరీక్ష ఫీజు కాకుండా వేలూ లక్షలూ అడిగేవాడు ఎవరైనా సరే మోసగాడే.

పాత సమాచారంతో జాగ్రత్త

టీఎస్‌పీఎస్సీ 2024లో టీజీపీఎస్సీ అయింది. అదే ఏడాది ఎస్ఎస్‌సీ కొత్త వెబ్‌సైట్‌కు మారి, పాత అభ్యర్థులనూ మళ్లీ వన్ టైమ్ రిజిస్ట్రేషన్ చేసుకోమంది. పాత చిరునామాలు చెప్పే వ్యాసాలు, వీడియోలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఏది చదివినా ముందు దాని తేదీ చూడండి. ఏఐ చాట్‌బాట్లు పాఠం అర్థం చేసుకోవడానికి బాగా పనికొస్తాయి. కానీ ఆఖరు తేదీ, కటాఫ్, ఖాళీల సంఖ్య తప్పుగా చెప్పినా తడబాటు లేకుండా చెబుతాయి. అంకె ఏదైనా నోటిఫికేషన్‌లో సరిచూసుకోవాల్సిందే.

చదువుకూ అసలు మూలాలే

గ్రూప్స్ అభ్యర్థులు ఎవరో కుదించిన పీడీఎఫ్‌ల కోసం టెలిగ్రామ్ గ్రూపుల్లో తిరగనక్కర్లేదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతాయి. తెలంగాణ సోషియో ఎకనమిక్ ఔట్‌లుక్, ఆంధ్రప్రదేశ్ సామాజిక ఆర్థిక సర్వేలను ప్రభుత్వాలే ఆన్‌లైన్‌లో పెడతాయి. యూపీఎస్సీ పాత ప్రశ్నపత్రాలు దాని వెబ్‌సైట్‌లోనే ఉంటాయి. వర్తమాన అంశాలకు పీఐబీ ప్రకటనలు తెలుగులోనూ వస్తాయి. ఇంజినీరింగ్ విద్యార్థులకు ఎన్‌పీటెల్, స్వయం కోర్సులున్నాయి.

ప్రైవేటు, విదేశీ ఉద్యోగాలు

ఆఫర్ లెటర్ వచ్చిందంటే కంపెనీ పేరు కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్‌లో ఉందో లేదో వెతకండి. పెద్ద కంపెనీ పేరుతో మామూలు జీమెయిల్ నుంచి ఉత్తరం వచ్చినా, ల్యాప్‌టాప్ డిపాజిట్ అడిగినా నమ్మవద్దు. కంపెనీ కెరీర్స్ పేజీలో ఆ ఖాళీ ఉందేమో చూడండి. బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం ఇప్పిస్తామనే కన్సల్టెన్సీలకు డబ్బు కట్టవద్దు.

గల్ఫ్‌కైనా మరో దేశానికైనా వెళ్లేవారు ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో ఉందో లేదో తప్పకుండా చూడాలి. రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల సేవా రుసుము గరిష్ఠంగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ. 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టిన ఉదంతంలో, డేటా ఎంట్రీ ఉద్యోగాలని నమ్మి వెళ్లిన యువకులను కంబోడియాకు చేర్చి సైబర్ నేరాలు చేయించారు. పది నిమిషాల పరిశీలన జీవితాన్నే కాపాడగలదు.

మోసపోయామని తెలిసిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపే అవకాశం అంత ఎక్కువ. సిగ్గుపడి దాచిపెట్టవద్దు, తప్పు మోసగాడిదే.

ఇవాళే ఒక పని చేయండి. మీరు రాయబోయే పరీక్షల అధికారిక వెబ్‌సైట్లను బుక్‌మార్క్ చేసుకోండి. ఇకపై ఏ ఉద్యోగ వార్త వచ్చినా దాన్నలాగే పదిమందికి పంపకుండా, మూలం వెతికి అసలు నోటిఫికేషన్ లింకునే పంపండి. ఊళ్లో ఒక్కరు ఈ పద్ధతి పాటించినా ఆ ఊరి పిల్లలందరికీ మేలు జరుగుతుంది. ఆ ఒక్కరు మీరే అవ్వండి.