విండోస్ 10 ఇంకా వాడొచ్చా? మీ పీసీ విషయంలో ఇలా తేల్చుకోండి

మీ ల్యాప్‌టాప్‌లో ఇంకా విండోస్ 10 ఉందా? రోజూ ఆన్ అవుతోంది, క్రోమ్ ఓపెన్ అవుతోంది, గేమ్స్ కూడా ఆడేస్తున్నారు. మరి "సపోర్ట్ అయిపోయింది" అంటే కొత్త ల్యాప్‌టాప్ కొనాల్సిందేనా? అక్కర్లేదు. అలాగని ఏమీ పట్టించుకోకుండా వాడేయడమూ మంచిది కాదు. ఏం చేయాలో స్టెప్ బై స్టెప్ చూద్దాం.

సపోర్ట్ ఆగితే అసలేం జరుగుతుంది?

2015 జులై 29న వచ్చిన విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ 2025 అక్టోబర్ 14తో సపోర్ట్ ముగించింది. ఆ తేదీ దాటినా పీసీ పనిచేస్తూనే ఉంటుంది. ముఖ్యంగా ఆగిపోయేవి ఉచిత సెక్యూరిటీ ప్యాచ్‌లు. ప్రతి నెలా రెండో మంగళవారం, మన టైమ్ ప్రకారం రాత్రిపూట, మైక్రోసాఫ్ట్ ఈ ప్యాచ్‌లు వదులుతుంది. విండోస్‌లో దొరికిన లోపాలను ఇవే మూసేస్తాయి.

అసలు మెలిక ఇక్కడే ఉంది. విండోస్ 10, విండోస్ 11 కోడ్‌లో చాలా భాగం ఒకటే. విండోస్ 11కి ప్యాచ్ రాగానే, ప్యాచ్‌కు ముందు ఫైల్‌ని, తర్వాత ఫైల్‌ని పక్కపక్కన పెట్టి పోలిస్తే లోపం ఎక్కడుందో బయటపడుతుంది. హ్యాకర్లు చేసేది అదే. ఆ లోపం విండోస్ 10లో కూడా ఉంటే, ప్యాచ్ అందని పీసీలో అది అలాగే తెరిచి ఉంటుంది. అందుకే నెలలు గడిచేకొద్దీ రిస్క్ పెరుగుతుంది.

"యాంటీవైరస్ ఉందిగా?" అని మీరు అనొచ్చు. నిజమే, డిఫెండర్‌కి వైరస్ డెఫినిషన్స్ 2028 అక్టోబర్ వరకు ఇస్తామని మైక్రోసాఫ్ట్ చెప్పింది. కానీ యాంటీవైరస్ చేసేది లోపలికొచ్చే దొంగను గుర్తుపట్టడం. విరిగిన తలుపును అది బాగుచేయలేదు. ఆ పని ప్యాచ్‌దే.

వన్నాక్రై నేర్పిన పాఠం

2017 మే 12న వన్నాక్రై అనే ర్యాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. ఫైళ్లన్నీ లాక్ చేసి, బిట్‌కాయిన్‌లో డబ్బు అడిగేది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో అపాయింట్‌మెంట్లు, ఆపరేషన్లు రద్దయ్యాయి. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దెబ్బతిన్నాయి.

ఇందులో గమనించాల్సిన విషయం ఒకటుంది. దెబ్బతిన్న పీసీల్లో ఎక్కువ భాగం విండోస్ 7వి. అప్పటికి దానికి సపోర్ట్ ఉంది! ఆ లోపానికి ప్యాచ్ కూడా మార్చి 14నే వచ్చేసింది. దాన్ని ఇన్‌స్టాల్ చేయని పీసీలే దొరికిపోయాయి. అంటే ఓఎస్ పాతదా, కొత్తదా అన్నది అసలు ప్రశ్న కాదు. ప్యాచ్ పడుతోందా, లేదా అన్నదే ప్రశ్న. అప్‌డేట్స్‌ని నెలల తరబడి పాజ్‌లో పెట్టే విండోస్ 11 యూజర్లకూ ఇది వర్తిస్తుంది.

ఈ మూడు ప్రశ్నలు వేసుకోండి

1. ఈ పీసీకి నెట్ అవసరమా?

మన ఊళ్లలోని డీటీపీ సెంటర్లనే తీసుకోండి. పేజ్‌మేకర్, అను స్క్రిప్ట్ కోసం పాత పీసీలను అలాగే ఉంచుకున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పెళ్లి కార్డులు, కరపత్రాలు కంపోజ్ చేయడానికి ఆ పీసీకి నెట్ అక్కర్లేదు. కేబుల్ పీకేసి, వైఫై ఆపేసి నిశ్చింతగా వాడుకోవచ్చు. కాకపోతే కస్టమర్ పెన్‌డ్రైవ్‌ని నేరుగా అందులో పెట్టకండి. ముందు అప్‌డేటెడ్ పీసీలో స్కాన్ చేయండి.

2. ఇందులో పోతే నష్టమయ్యేది ఏముంది?

నెట్ బ్యాంకింగ్, మెయిన్ జీమెయిల్, బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు, ఆధార్ పీడీఎఫ్‌లు, ప్రాజెక్ట్ ఫైళ్లు ఉంటే ప్యాచ్ లేకుండా ఒక్క నెల కూడా నడపొద్దు. "నాది గేమింగ్ పీసీ, అందులో ఏమీ లేదు" అనుకున్నా, అదే వైఫైలో నాన్నగారి ల్యాప్‌టాప్ ఉందని మర్చిపోకండి. వన్నాక్రై ఒక పీసీ నుంచి మరో పీసీకి నెట్‌వర్క్ ద్వారానే పాకింది.

3. హార్డ్‌వేర్ విండోస్ 11కి సరిపోతుందా?

ఇంటెల్ 8వ జనరేషన్ లేదా రైజెన్ 2000 సిరీస్, ఆ తర్వాతి ప్రాసెసర్లయితే దాదాపు సరిపోతాయి. 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, టీపీఎమ్ 2.0, సెక్యూర్ బూట్ కూడా ఉండాలి. మైక్రోసాఫ్ట్ పీసీ హెల్త్ చెక్ యాప్ ఇదంతా చెక్ చేసి చెబుతుంది. టీపీఎమ్ లేదని వస్తే అప్పుడే నిరాశ పడకండి. చాలా పీసీల్లో అది ఉండి కూడా ఆఫ్‌లో ఉంటుంది. బయోస్‌లోకి వెళ్లి, ఇంటెల్ అయితే పీటీటీ, ఏఎమ్‌డీ అయితే ఎఫ్‌టీపీఎమ్ అనే ఆప్షన్ ఆన్ చేసి మళ్లీ చూడండి.

మీ ముందున్న దారులు

విండోస్ 11: హార్డ్‌వేర్ సరిపోతే ఇదే బెస్ట్. అప్‌గ్రేడ్ ఉచితం. ముందు ఫైళ్లు బ్యాకప్ తీసుకోండి. ఇంకా హార్డ్ డిస్క్‌తోనే నడుస్తుంటే ఎస్‌ఎస్‌డీ వేయించండి, తేడా మొదటి బూట్‌లోనే తెలుస్తుంది.

ఈఎస్‌యూ: హార్డ్‌వేర్ సరిపోకపోతే కొంత టైమ్ దొరుకుతుంది. ఈ ప్రోగ్రామ్‌లో చేరితే 2026 అక్టోబర్ 13 వరకు సెక్యూరిటీ ప్యాచ్‌లు వస్తాయని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. పీసీ సెట్టింగ్స్‌ని క్లౌడ్‌కి సింక్ చేస్తే ఉచితం. లేదంటే 1,000 రివార్డ్స్ పాయింట్లు, లేదా 30 డాలర్లకు సమానమైన స్థానిక ధర. ఒక్క లైసెన్స్‌ని 10 పీసీల వరకు వాడుకోవచ్చు. విండోస్ 10 వెర్షన్ 22హెచ్2, మైక్రోసాఫ్ట్ అకౌంట్ తప్పనిసరి. సెట్టింగ్స్‌లో విండోస్ అప్‌డేట్ పేజీలోనే ఎన్‌రోల్ ఆప్షన్ ఉంటుంది.

లైనక్స్ మింట్: బ్రౌజింగ్, కోడింగ్, యూట్యూబ్, డాక్యుమెంట్లు చాలనుకుంటే మంచి ఆప్షన్. ఇన్‌స్టాల్ చేయకుండానే పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి టెస్ట్ చేయొచ్చు. వైఫై, సౌండ్, ప్రింటర్ పనిచేస్తున్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఫోటోషాప్, అను స్క్రిప్ట్ లాంటివి మాత్రం నేరుగా నడవవు. వాలరెంట్ కూడా ఆడలేరు.

చెకింగ్ దాటేసి విండోస్ 11 వేసే ట్రిక్ గురించి చాలామంది అడుగుతుంటారు. సపోర్ట్ లేని పీసీలకు అప్‌డేట్స్ వస్తాయన్న గ్యారంటీ లేదని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెప్పింది. మనం మారేదే ప్యాచ్‌ల కోసం అయినప్పుడు, ఆ గ్యారంటీ లేని దారి దేనికి? పైగా కోర్ 2 డ్యుయో లాంటి పాత ప్రాసెసర్లపై 24హెచ్2 వెర్షన్ అసలు బూటే అవ్వదు.

యాప్స్ సంగతేంటి?

విండోస్ 7కి 2020 జనవరి 14న సపోర్ట్ ఆగింది. క్రోమ్ 2023 మొదట్లో వెర్షన్ 109తో ఆపేసింది. స్టీమ్ 2024 జనవరి 1న వదిలేసింది. విండోస్ 10 కూడా ఈ దారిలోనే వెళ్తుంది. ఇవాళ అన్నీ పనిచేస్తున్నాయి కాబట్టి సేఫ్ అనుకోవద్దు. యాప్స్ ఆగిపోయే చాలా ముందే ప్యాచ్‌లు ఆగిపోతాయి.

మా మాట

నెట్ అక్కర్లేని పీసీ అయితే ఆఫ్‌లైన్‌లో వాడుకోండి. హార్డ్‌వేర్ సరిపోతే విండోస్ 11. సరిపోకపోతే ఈఎస్‌యూలో చేరి, ఆ గడువులోగా లైనక్స్ అలవాటు చేసుకోండి లేదా కొత్త పీసీకి డబ్బు దాచుకోండి. ఈ మూడింట్లో ఏదీ చేయకుండా నెట్‌లో వాడేస్తూ ఉండటమే అసలు పొరపాటు. ఇప్పుడే సెట్టింగ్స్ తెరిచి, విండోస్ అప్‌డేట్‌లో చివరి ప్యాచ్ ఏ తేదీన పడిందో చూడండి. మీ పీసీ సేఫా కాదా అన్నది ఆ తేదీని బట్టే తెలిసిపోతుంది.