తొట్టె దాటి దూకు కొర్రమీను

మృగశిర కార్తెలో తొలి పెద్దవాన కురిసిన మరునాడు ఉదయమున చేపల తొట్టె వద్దకు పోయిన రైతునకు ఒక్కొక్కప్పుడు గుండె జారినంత పని యగును. నీరు నిండుగనే యుండును; గోడ పగులలేదు; చేపలు మాత్రము తగ్గియుండును. అప్పుడు మొదట కలుగు అనుమానము దొంగతనము.

నిరుడు శేరిగూడలో ఇదే జరిగినది. ఒక రైతు తన బోరుబావి వద్ద 4 అడుగుల లోతుగల సిమెంటు తొట్టె కట్టించి కొర్రమీను పిల్లలను వదలెను. అవి జానెడు పొడవు పెరిగిన పిమ్మట ఒక వానరాత్రి గడచి లెక్క చూచుకొనగా అరువదికి పైగా తక్కువ వచ్చినవి. ప్రక్క పొలమునకు కావలి యుండు మనిషిపై మాట పడినది. తగవు పంచాయతీకి పోవుచుండగా నాకు కబురు వచ్చినది. నేను పోవునప్పటికి ప్రొద్దు బారెడెక్కినది. తొట్టె గోడ వెలుపల తడిసిన చల్కనేల మీద వ్రేలితో గీసినట్లు వంకరటింకర చారలు కనబడెను. అవన్నియు పల్లము వైపునకే సాగి వరిమడి కాలువలో కలిసినవి. గట్టు నీడను రెండు చచ్చిన చేపలును, ఒక బ్రతికిన చేపయు దొరికినవి.

కావలి మనిషిని క్షమింపుమని అడుగుట ఆ రైతు వంతు అయినది. నా వంతు కూడ కొంత యుండెను. తొట్టెను అంచువరకు నింపి యుంచుమని అతనికి చెప్పినవాడను నేనే. బొచ్చె, రోహు చేపలను మనసున నుంచుకొని, నీరెంత ఎక్కువయిన ప్రాణవాయువు అంత ఎక్కువ యని చెప్పితిని. కొర్రమీను విషయమున ఆ లెక్క చెల్లదు.

మన ప్రాంతమున కొర్రమట్ట యనియు పిలుచు ఈ చేపను 2016లో తెలంగాణ ప్రభుత్వము రాష్ట్ర చేపగా ప్రకటించినది. హైదరాబాదులో మృగశిర నాడు ఉబ్బసమునకని పంచు చేపమందులో వాడునదియు దీని పిల్లనే. దీని శాస్త్రీయ నామము చన్నా స్ట్రయేటా. తలలో మొప్పలకు పైభాగమున దీనికి గాలి పీల్చుకొను గది యొకటి కలదు. ఎదిగిన కొర్రమీను నీటిలోని ప్రాణవాయువు ఒక్కదానితో బ్రతుకజాలదు. మాటిమాటికి పైకి వచ్చి నోటితో గాలి తీసికొనవలెను. ఆ గది వలననే, ఒడలు తడిగా నున్నంత కాలము నేలపైన కూడ చాలసేపు బ్రతుకగలదు. ఎండకాలమున కుంట ఎండిన బురదలో దాగుకొని, వానలు పడగానే గ్రుడ్లు పెట్టుటకు నీరు నిలిచిన మళ్లలోనికి, తుంగ పొదలలోనికి ప్రాకిపోవుట దీని జాతి స్వభావము. ఇబ్రహీంపట్నం పెద్దచెరువు క్రింద వరి చేసినవారికి ఇది క్రొత్త సంగతి కాదు. సిమెంటు తొట్టెలో పుట్టి పెరిగినను వాన చప్పుడు, పైనుండి జారి వచ్చు క్రొత్త నీరు తగులగానే దానికి పయనము గుర్తుకు వచ్చును. నీరు అంచునకు ఆరంగుళముల దిగువన నున్నచో దూకుట దానికి ఆటతో సమానము.

తొట్టె అంచు నుండి నీటిమట్టము కనీసము ఒకటిన్నర అడుగు దిగువన ఉండవలెను. 4 అడుగుల తొట్టెలో రెండున్నర అడుగుల నీరు చాలును. అయితే రాత్రి వాన పడి మట్టము పెరిగిన మన జాగ్రత్త వ్యర్థమగును గనుక, ఆ ఎత్తున గోడకు ఒక గొట్టము అమర్చి, దాని నోటికి జాలి బిగించి, ఎక్కువ నీరు తనంతట పోవునట్లు చేయవలెను. ఈ చిన్న గొట్టము లేకయే ఎక్కువ మంది నష్టపడుచున్నారు.

రెండవది కప్పు. శేరిగూడ రైతు భయపడి, ఆ వారములోనే టార్పాలిను తెచ్చి తొట్టెను మూసివేసెను. అది నడుమ వ్రేలాడి నీటిని అంటుకొనినది. మరునాటికి మరి కొన్ని చేపలు తేలినవి. దూకి పోయినవి కొన్ని, గాలి అందక మునిగి చచ్చినవి కొన్ని! చేప మునిగి చచ్చుట యన్న నవ్వు రావచ్చును గాని కొర్రమీనుకు అది నిజము. కావున టార్పాలిను, రేకు కూడదు. వెదురు లేక ఇనుప గొట్టములతో చట్రము చేసి నైలాను వల బిగించవలెను. వలకును నీటికిని నడుమ ఒక అడుగుకు తగ్గక ఖాళీ ఉండవలెను. వలకన్నులు చేప తలకంటె చిన్నవిగ నుండవలెను. మూలలను గట్టిగా కట్టవలెను, కొర్రమీను సందు వెదుకునది మూలలయందే.

పొలములోని నీటికుంటలలో పెంచువారు కట్టమీద చుట్టును 3 అడుగుల ఎత్తు వల కంచె వేసి, పై అంచు లోపలికి వంగునట్లు కట్టి, క్రింది అంచును అరడుగు మట్టిలో పూడ్చవలెను. పూడ్చని వల క్రిందుగా చేపలు దూరిపోవును. పొరుగువాని చేపపిల్లల కుంటలోనికి కొర్రమీను పోయినచో అది మాంసాహారి గనుక ఆ పిల్లలను తినివేయును. అందుచే ఇది ఒకరి నష్టముతో ఆగునది కాదు. అమెరికాలో మేరీలాండు రాష్ట్రమునందలి క్రాఫ్టను వద్ద 2002లో ఒక చిన్న కుంటలో దీని జ్ఞాతి చేప కనబడగా, అది ఇతర జలములకు ప్రాకునను భయముతో అధికారులు కుంటనంతటిని విషము కలిపి ఖాళీ చేసిరి.

వాన లేని రాత్రులందు కూడ చేపలు దూకుచున్నచో వల బిగించి ఊరకుండరాదు. అప్పుడు తప్పు నీటిలో నున్నది. తినక మిగిలిన మేత అడుగున క్రుళ్లి అమ్మోనియా పుట్టును. గాలి పీల్చు చేపయైనను దాని మొప్పలును చర్మమును మండును. తొట్టె వద్ద నిలబడిన వాసన వచ్చుచున్నచో అడుగు మురికిని తీసివేసి, నీటిలో నాలుగవ వంతు నుండి మూడవ వంతు వరకు మార్చవలెను. ఒక్కసారిగ మొత్తము మార్చరాదు. కుళాయి నీరయినచో క్లోరిను పోవుటకు ఒక దినము బయట నిలువ ఉంచి వాడవలెను. నీరు పట్టునపుడు గొట్టపు నోటిని నీటిలో మునుగనిచ్చి మెల్లగ వదలవలెను. పైనుండి ధారగా పడిన చేపలన్నియు అక్కడ చేరి ధారకు ఎదురు దూకును.

మరియొక కారణము తోటి చేపయే. పెద్దవి చిన్నవాటిని తరిమి మ్రింగును. తరుమబడినది పైకి ఎగురును. పిల్లలను పదిపదునైదు దినములకొకసారి పరిమాణము ననుసరించి వేరుచేయవలెను, ఆకలితో ఉంచరాదు. క్రొత్తగా తెచ్చిన పిల్లలు మొదటి రెండు మూడు రాత్రులు బెదరియుండును. తొట్టెలో నాలుగవ వంతు మేర వెదురు చట్రములో గుర్రపుడెక్క వేసిన వాటికి నీడయు దాపును దొరకును. ఆ మొక్కను మాత్రము చెరువులోనికి పోనీయరాదు.

ఇండ్లలో అద్దపు తొట్టెలయందు గురామీ, ఫైటరు చేపలను పెంచువారు ఉన్నారు. అవియు గాలి పీల్చునవే. పైన రెండు మూడంగుళములు వదలి, గాలియాడు మూత నుంచిన చాలును.

నేలపై దొరికిన చేప మొప్పమూత ఆడుచున్నచో ఆశ వదలరాదు. చేతులు తడుపుకొని ఎత్తి, అదే తొట్టె నీటిని వేరొక పాత్రలో తీసి, లీటరుకు 2 గ్రాముల ఉప్పు కలిపి అందులో వదలవలెను. పాత్రను వలతో మూసి నీడన ఉంచి, ఆ దినము మేత వేయరాదు. ఒడలి జిగట రాలిన చోట బూజు పట్టుచున్నదేమో రెండు మూడు దినములు చూచి, అటుపిమ్మట తక్కిన చేపలలో కలుపవలెను. శేరిగూడ గట్టున దొరికిన ఆ బ్రతికిన చేపను ఇట్లే ఉంచితిమి. నాలుగవ దినమున అది మేత అందుకొనినది.