కొర్రలు - గుమ్మడికాయ దమ్ము: పొలంలో పండింది ఇంట్లో పిల్లలు తినేలా

కొర్రలు పండించే ఇళ్లలో కూడా పిల్లలు కొర్రన్నం అంటే ముఖం తిప్పేసుకుంటారు. "గొంతు దిగట్లేదు, పొడిపొడిగా ఉంది" అంటారు. దాంతో పంటంతా అమ్మేసి, పాలిష్ పట్టిన బియ్యం కొనుక్కొచ్చుకోవడం అవుతోంది. మందులు లేకుండా పండించింది మన పిల్లల కంచంలోకే రాకపోతే ఎలా? అందుకే ఈ వీడియోలో మేం ఇంట్లో చేసుకునే కొర్రల దమ్ము చూపించాను. కొలతలు, కారణాలు ఇక్కడ రాస్తున్నాను.

పాలిష్ పట్టని కొర్రకు తవుడు పొర ఉంటుంది. అది నీటిని తొందరగా లోపలికి పోనివ్వదు. బియ్యంలా కడిగి వెంటనే పొయ్యి మీద పెడితే పైన మెత్తబడుతుంది, లోపల పలుకు ఉండిపోతుంది. ముందుగా నానబెట్టడం, తర్వాత సన్న సెగ మీద మగ్గనివ్వడం, ఈ రెండూ కావాలి. గుమ్మడికాయ తన తడిని, తీపిని కొర్రలకు ఇస్తుంది.

గుమ్మడి ఎంపిక

బాగా ముదిరిన తీపి గుమ్మడే తీసుకోండి. బూడిద గుమ్మడి దీనికి పనికిరాదు. తొడిమ ఎండి, తొక్కలో గోరు దిగకుండా ఉంటే ముదిరినట్టు. తొడిమతో సహా కోసి, దెబ్బ తగలకుండా గాలి ఆడేచోట పెడితే నెలల తరబడి ఉంటుంది. గీతలు పడినవి, వంకర కాయలు బజారులో ధర పలకవు. ముందు వాటిని వంటకు వాడుకోండి.

కావలసినవి (నలుగురికి)

కొర్రలు 1 గ్లాసు, పెసరపప్పు పావు గ్లాసు, గుమ్మడి ముక్కలు అర కిలో, ఉల్లిపాయ 1, పచ్చిమిర్చి 4, చిన్న అల్లం ముక్క, జీలకర్ర, కరివేపాకు, పసుపు, ఉప్పు, గానుగ నూనె 3 చెంచాలు, వేయించిన పల్లీలు గుప్పెడు.

చేసే విధానం

1. కొర్రలు కడిగి 6 నుంచి 8 గంటలు నానబెట్టండి. రాత్రి నానేస్తే పొద్దునకు సరిపోతుంది. పెసరపప్పు అరగంట నానితే చాలు. రెండూ నీళ్లు వంపేయండి.

2. మట్టి దాకలో నూనె వేడిచేసి జీలకర్ర, కరివేపాకు, అల్లం, మిర్చి, ఉల్లి వేయించండి. గుమ్మడి ముక్కలు, పసుపు వేసి 5 నిమిషాలు కలపండి. ముక్క అంచులు కాస్త ఎర్రబడితే తీపి పైకి వస్తుంది.

3. కొర్రలు, పప్పు, ఉప్పు వేసి 2 గ్లాసుల మరిగే నీళ్లు పోయండి. గుమ్మడి కూడా నీరు వదులుతుంది కాబట్టి ఇంతకు మించి పోయొద్దు, ముద్దవుతుంది.

4. ఒక పొంగు రాగానే మూతపెట్టి, అంచు చుట్టూ తడిపిన పిండి పెట్టి మూసేయండి. మంట తీసేసి కింద కొన్ని నిప్పులు, మూత మీద కొన్ని నిప్పులు ఉంచండి. 30 నుంచి 40 నిమిషాలు కదపొద్దు. ఓవెన్ ఉన్నవాళ్లు దానికి పనికొచ్చే గిన్నెలో మూతపెట్టి 180 డిగ్రీల దగ్గర 45 నిమిషాలు ఉంచొచ్చు.

5. దించాక 10 నిమిషాలు ఆగి మూత తీయండి. ఆ ఆవిరితోనే పైన ఉన్న గింజలు కూడా మెత్తబడతాయి. పల్లీలు చల్లి వడ్డించండి. పక్కన పెరుగు చాలు.

దాచుకునేటప్పుడు

కొర్రలు పొట్టుతో ఉన్నంతకాలం బాగా నిల్వ ఉంటాయి. పొట్టు తీశాక తవుడులోని నూనె వల్ల ముక్కిన వాసన వచ్చి చేదెక్కుతాయి. అందుకే నెలకు సరిపడా మాత్రమే మరపట్టించుకోండి. ఇక గుమ్మడి లోపలి గింజలు కడిగి నీడలో ఆరబెట్టండి. చుట్టుపక్కల వేరే రకం గుమ్మడి ఉంటే పరపరాగ సంపర్కం జరిగి ఉండొచ్చు. అలాంటి గింజలు విత్తనానికి వద్దు, వేయించుకుని తినేయండి. తొక్కలు పశువులకు వేయండి.

ఈ ఏడాది కొర్రలు అమ్మే ముందు, ఇంటికి సరిపడా బస్తా ఒకటి పక్కన తీసిపెట్టండి.