తోటకూర – పాలకూర

పాఠ్యభాగ ఉద్దేశం: నిత్యం భుజించే రెండు ఆకుకూరల పోషక విలువలను పోల్చి చూపడం, ఆహారం విషయంలో విచక్షణను పెంపొందించడం.

నిజామాబాద్ జిల్లాలోని భీమ్‌గల్ ప్రాంతం పసుపు పంటకు పేరెన్నికగన్నది. వానాకాలంలో ఇక్కడి చేలగట్ల మీద ఎవరూ విత్తకుండానే చిలకతోటకూర మొలుస్తుంది. కలుపు తీయబోయిన స్త్రీలు ఆ లేత ఆకులను కోసి, ఒడిలో వేసుకొని ఇంటికి తెచ్చుకోవడం పల్లెలలో పరిపాటి. సులభంగా లభించడం వల్లనే కాబోలు, తోటకూర అంటే చాలామందికి చిన్నచూపు. పాలకూరకు మాత్రం విందుభోజనాలలో సైతం గౌరవస్థానం లభిస్తున్నది. ఈ తారతమ్యం సమంజసమేనా?

దీనికి సమాధానం హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పరిశోధనలలో లభిస్తుంది. 1918లో కూనూరులో ఆరంభమైన ఈ సంస్థ 1958లో హైదరాబాదుకు తరలివచ్చింది. 2017లో అది ప్రకటించిన భారతీయ ఆహార పదార్థాల పట్టికల ప్రకారం, 100 గ్రాముల పచ్చి ఆకులో ఉండే పోషకాలు సుమారుగా ఇవి:

మాంసకృత్తులు: తోటకూర 3.3 గ్రా., పాలకూర 2.1 గ్రా.
కాల్షియం: తోటకూర 330 మి.గ్రా., పాలకూర 82 మి.గ్రా.
ఇనుము: తోటకూర 4.6 మి.గ్రా., పాలకూర 3 మి.గ్రా.
విటమిన్ సి: తోటకూర 84 మి.గ్రా., పాలకూర 30 మి.గ్రా.
ఫోలేట్: తోటకూర 70 మైక్రోగ్రా., పాలకూర 142 మైక్రోగ్రా.

నాలుగు అంశాలలో తోటకూరదే పైచేయి. కాల్షియం నాలుగు రెట్లు అధికం. అయితే రక్తకణాల ఉత్పత్తికి అవసరమైన ఫోలేట్ విషయంలో పాలకూర రెట్టింపు సంపన్నమైనది. కనుక ఏ కూరనూ నిరసించరాదు.

ఈ పరిశీలన కేవలం అంకెలకు సంబంధించినది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15–49 ఏండ్ల స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. దీనికి ఇనుము లోపం ఒక ముఖ్యకారణం. మీ వయస్సులోని బాలికకు రోజుకు దాదాపు 32 మి.గ్రా. ఇనుము కావాలి. 100 గ్రాముల తోటకూరలో ఉన్నది అందులో ఏడవ వంతు మాత్రమే. అదీ పూర్తిగా ఒంటబట్టదు. రెండు ఆకులలోనూ ఉండే ఆక్సలేటులు కాల్షియాన్ని బంధిస్తాయి. ఆకుకూరలలోని ఇనుమును శరీరం స్వల్పంగానే గ్రహిస్తుంది. విటమిన్ సి ఆ గ్రహణశక్తిని పెంచుతుంది. కాని అది వేడికి నశిస్తుంది. కావున కూరను పొయ్యి మీద నుండి దించిన పిదప నిమ్మరసం పిండడం మేలు. భోజనం వెంటనే తేనీరు సేవిస్తే ఇనుము గ్రహణం తగ్గుతుంది. ఇక రక్తహీనత ఏర్పడినవారు ఆకుకూరలతో సరిపెట్టుకోక వైద్యుని సలహా పొందాలి.

వస్తువు విలువను ధర నిర్ణయించదు. గట్టు మీది ఆకును గౌరవించడం నేర్చుకున్న ఇంట ఆరోగ్యానికి కొంత ఆసరా దొరికినట్లే.

కఠిన పదాలకు అర్థాలు
పరిపాటి = వాడుక
తారతమ్యం = హెచ్చుతగ్గుల భేదం
సమంజసం = తగినది
నిరసించు = తక్కువగా చూచు

ప్రశ్నలు
1. తోటకూర, పాలకూరల పోషక విలువలను పోల్చి వ్రాయండి.
2. ఆకుకూరలలోని ఇనుము శరీరానికి చక్కగా అందాలంటే పాటించవలసిన జాగ్రత్తలేవి?
3. మీ ప్రాంతంలో విత్తకుండా మొలిచే ఆకుకూరల పేర్లను పెద్దలనడిగి సేకరించండి.