అంటు కత్తి లాకు: బిగువు చెడకుండ కాపాడుకొనుట

తోట గల రైతు జేబులో మడత చాకు ఉండనే ఉండును. పురికొస కోయుటకు, బస్తా కుట్టు విప్పుటకు, నిమ్మకు కన్ను అంటు వేయుటకు, మామిడికి కొమ్మ అంటు కట్టుటకు, అన్నిటికి అదియే. చాకు కొనునప్పుడు మనవారు బొటనవ్రేలితో వాదరను తడిమి పదును చూతురు. మొద్దుబారినచో సానరాయిపై నూరుదురు. ఇది మంచి అలవాటే. కాని తెరచిన అలుగు తెరచినట్లే నిలుచునా, లేక నడుమ మూసుకొనునా అని పరీక్షించి కొనువారు చాల తక్కువ. పదును తగ్గిన చాకును మరల నూరుకొనవచ్చును. లాకు చెడిన చాకు మాత్రము వేళ్ళపై మూసుకొనును.

మడత చాకును పిడికిట పట్టి చూడుడు. నాలుగు వేళ్ళును సరిగా అలుగు వచ్చి పడు గాడికి అడ్డముగ ఉండును. వ్రేలి లోపలివైపున, చర్మమునకు కొద్ది క్రిందనే, వ్రేలిని వంచు స్నాయువులు ఉన్నవి. అవి తెగినచో పైగాయము మానినను వ్రేలు వంగదు. పాలు పితుకుటకు, పార పట్టుటకు పనికిరాని చేయి రైతుకు ఎంత నష్టమో చెప్పనక్కరలేదు.

అలుగు ఎప్పుడు మూసుకొనును?

కోత కోయునంతసేపు బలము వాదరపై పడును. ఆ బలము అలుగును తెరచు దిక్కుననే నెట్టును కనుక మూసుకొనుననెడి భయము లేదు. బలము వెన్నుపై పడినప్పుడే చిక్కు వచ్చును. అంటు పనిలో ఇది తరచు జరుగును. కొన్ని అంటు కత్తులకు బెరడు ఎత్తుటకు వీలుగ అలుగు వెన్నున, మొన దగ్గర, చిన్న మూపురము వంటిది ఉండును. కన్ను దూర్చుటకై బెరడుపై గాటు పెట్టి, ఆ మూపురముతో బెరడును లేపునప్పుడు మన బలమంతయు వెన్నుపైననే, అనగా అలుగు మూసుకొను దిక్కుననే పడుచున్నది. ఇట్టి కత్తికి లాకు తప్పక ఉండవలెను. కన్ను అంట్లు విరివిగ కట్టువారు బెరడు ఎత్తు బద్ద పిడి చివరన ఉండు కత్తిని కొనుట ఇంకను మేలు. చెక్కలో దిగబడిన అలుగును ఊపి లాగుట, మొనతో రంధ్రము పొడుచుట కూడ ఇటువంటి పనులే. వీటికి మడత చాకును వాడకుండుటయే మంచిది. లావు కొమ్మలకు సికేచరు ఉన్నది, చిన్న రంపము ఉన్నది.

లాకులలో రకములు

సామాన్యపు చాకులు అనేకములకు లాకు ఉండదు. పిడి వెన్నున ఒక ఉక్కు బద్ద స్ప్రింగువలె నుండి అలుగు మడమను నొక్కి పట్టును. శీల చుట్టు తిరుగు అలుగు మొదటి భాగమును ఇక్కడ మడమ అనుచున్నాము. ఈ స్ప్రింగు అలుగును కొంత నిలవరించునే గాని ఆపదు. ఈ రకములోనే ఒక చిన్న మెరుగు కలదు. మడమను పలకలుగా చెక్కిన చాకులలో అలుగు సగము మూసుకొనగనే ఒకసారి టక్కున ఆగును. వేళ్ళు తీసికొనుటకు ఆ పాటి వ్యవధి చాలును. లాకు లేని చాకు కొనవలసి వచ్చినచో ఈ సగపు ఆగుడు ఉన్నదానినే ఎంచుకొనవలెను.

లాకులలో అన్నిటికంటె సుళువుగ అర్థమగునది ఉంగరపు లాకు. ఫ్రాన్సు దేశములోని సవ్వా కొండ ప్రాంతమున జోసెఫ్ ఒపినెల్ అను పనివాడు 1890లో ఒక జేబు చాకు చేసెను. కొయ్య పిడి, ఒక అలుగు, ఒక శీల, అంతే. అక్కడి రైతులకు, పనివారలకు ఇది నిత్యపు పనిముట్టు అయినది. 65 ఏండ్లు ఆ చాకునకు లాకు లేదు. 1955లో మార్సెల్ ఒపినెల్ పిడి మెడకు తిరుగు ఉక్కు ఉంగరమును అమర్చెను. ఉంగరమునకు ఒకచోట చీలిక ఉండును. చీలిక గాడికి ఎదురుగ ఉన్నప్పుడు అలుగు తెరచుకొనును, మూసుకొనును. తెరచిన పిమ్మట ఉంగరమును త్రిప్పినచో దాని గట్టి భాగము మడమకు అడ్డుపడి అలుగును కదలనీయదు. 2000 సంవత్సరమున దీనిని మరికొంత మార్చి, మూసినప్పుడు కూడ లాకు పడునట్లు చేసిరి. జేబులో తనంతట తెరచుకొనెడి బెడద దీనితో తీరినది. ఒక ఇరుకు మాత్రము ఉన్నది: ఉంగరము దానంతట పడదు, ప్రతిసారి మనమే త్రిప్పవలెను. తొందరలో మరచువారికి ఇది తగదు.

రెండవది వెన్ను లాకు. పిడి వెన్నున ఉన్న బద్ద కొన వంకీవలె నుండి, అలుగు పూర్తిగ తెరచుకొనగనే మడమ గంటులో పడును. మూయుటకు బద్ద తోకను నొక్కవలెను. పిడిని గట్టిగ పిడికిలించినప్పుడు అరచేయి ఆ తోకను నొక్కి లాకు ఊడు ప్రమాదము కలదు. దీనికి విరుగుడుగ మంచి చాకులలో తోకమీద నొక్కుచోట చిన్న పల్లము చెక్కుదురు. బొటనవ్రేలు ఆ పల్లములో దిగును గాని అరచేయి దిగదు. కొనునప్పుడు ఈ పల్లమున్నదేమో చూడుడు.

మూడవది లోపలి రేకు లాకు. పిడి లోపలి రేకులో కొంత భాగము ప్రక్కకు వంగి మడమ వెనుకకు చేరి నిలుచును. మడమ ముఖము కొంచెము వాలుగ ఉండుటచే, అరిగిన కొలది రేకు మరికొంత లోనికి జరిగి బిగువు నిలుపును. రేకు అవతలి అంచు వరకు జరిగినచో అరుగుదల ముగిసినదని గ్రహించి ఆ చాకును మానవలెను. దీనిని మూయునప్పుడు బొటనవ్రేలు అలుగు దారిలోనికి వచ్చును. రేకు జరుగగనే వ్రేలు తీసి ఆ పిమ్మట మూయవలెను.

బిగువు ఎట్లు చెడును?

లాకు విరిగి చెడుట అరుదు. మురికి చేరి చెడుట ఎక్కువ. మామిడి సొన, బెరడు పొడి, మట్టి కలిసి గంటులో ముద్దగ గట్టిపడును. అప్పుడు వెన్ను లాకు వంకీ గంటులోనికి పూర్తిగ దిగదు. పైకి మాత్రము లాకు పడినట్లే కనిపించును. కడియం నర్సరీలలోవలె రోజంతయు అంట్లు కట్టుచోట ఏ పూటకు ఆ పూట కీలును శుభ్రపరచవలెను. వెదురు పుల్లతో గంటును, గాడిని గీరి, కిరసనాయిలులో తడిపిన గుడ్డతో తుడిచి, ఆరిన తరువాత శీల వద్ద కుట్టుమిషను నూనె ఒక్క బొట్టు వేయుడు. ఇంటిలోని వేరుసెనగ నూనె వేయరాదు. అది కొలది రోజులకు జిగురై ఇంకను దుమ్మును పట్టును. కొయ్య పిడి తడికి ఉబ్బి అలుగు బిగిసినచో బలవంతము చేయక, నీడన ఆరబెట్టి, పిడికి అవిసె నూనె పట్టింపవలెను.

ఉంగరము వదులైనచో మెల్లగ తీసి, పటకారుతో రవ్వంత నొక్కి తిరిగి ఎక్కింపవచ్చును. శీల వదులైనచో రెండవ వైపు శీల తలను ఇనుముపై ఆనించి చిన్న సుత్తితో తేలికగ కొట్టవలెను. ఒక్కొక్క దెబ్బకు అలుగును త్రిప్పి చూచుచుండవలెను. గంటును, మడమ ముఖమును మాత్రము ఆకురాయితో రాయరాదు. అక్కడ వెండ్రుకవాసి తగ్గినను లాకు ఆడును. చాకును కమ్మరి కొలిమిలో కూడ పెట్టనీయరాదు. అలుగు నీలిరంగు తిరుగునంత వేడి తగిలినచో పదును నిలుపు గుణము పోవును.

నిమ్మ జాతి తోటలలో ఎక్సోకార్టిస్ వంటి తెగులు ఒక చెట్టునుండి మరియొక చెట్టునకు కత్తి ద్వారా కూడ ప్రాకును. కత్తిని మంటలో చూపినంతమాత్రమున ఇది పోదు, పైగా అలుగు చెడును. సోడియం హైపోక్లోరైటు ద్రావణములో అలుగును మాత్రమే ముంచి తీయవలెను. కీలు మునిగినచో స్ప్రింగు తుప్పుపట్టును. వెంటనే నీటితో తుడిచి నూనె రాయుట మరువరాదు.

వారమునకొకసారి లాకును పరీక్షింపుడు. అలుగును తెరచి లాకు వేసి, పిడిని రెండు ప్రక్కల మాత్రమే పట్టుకొని, ఒక్క వ్రేలును గాడి ఎదుట ఉంచక, అలుగు వెన్నును కొయ్యబల్లకు ఆనించి మెల్లగ నొక్కుడు. కదలక నిలిచినచో సరి. జారినచో ముందు కీలును శుభ్రపరచి మరల చూడుడు. అప్పటికిని జారినచో అది అంటు పనికి తగదు. మడత లేని కత్తిని ఒరతో వాడుకొనుడు.

వ్రేలు తెగినచో పసుపు, మట్టి అద్దక, శుభ్రమైన నీటితో కడిగి, ఉతికిన గుడ్డతో గట్టిగ అదిమి పట్టి, చేతిని పైకెత్తి ఉంచవలెను. ధనుర్వాతపు సూది విషయము వైద్యునడుగవలెను. గాయము చిన్నదైనను వ్రేలు వంగకున్నను, కొన తిమ్మిరెక్కినను ఆనాడే ఆసుపత్రికి పోవలెను.